ఊరి బయట ఆగిన రెండు సైకిళ్ళు

ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందు సైకిలును కూర్చోబెట్టి, తరువాత తాను కూర్చునేది. కూర్చోబెట్టడం అన్నది ఆమె మాటే. నీడ ఎటు తిరుగుతుందో ఒకసారి ఆకాశం వంక చూసి, సైకిలును గోడకు ఆనించి, వంగి రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూసేది. పాలు తాగిన పసిపిల్ల పొట్ట నిండిందో లేదో తల్లి తడిమి చూసినట్టుండేది ఆ నొక్కడం. అది అయ్యాకే "ఇగ చెప్పు చెల్లె" అంటూ నేల మీద చతికిలబడేది. కుర్చీ వేస్తే దాని మీద తన తువ్వాలు ఆరేసేది.

ఆమె పోయిందని ఈమధ్యనే తెలిసింది. తెలిసిన దగ్గర నుంచి, పిల్లలిద్దరూ పడుకున్నాక, ఎవరు దగ్గుతారోనని ఒక చెవి అటు పెట్టి, ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటున్నాను. పేరు రాయను. పేరు పేపర్లో ఒకసారి పడింది. పడిన తీరు ఆమెకు నచ్చలేదు.

అప్పటికి మా పెద్దదానికి ఇంకా ఏడాది నిండలేదు. మావారు హఫీజ్‌పేట్ స్టేషన్లో అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. బి.ఏ. చదివి, పెళ్ళి చేసుకుని, గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ క్వార్టర్సులో దిగాను. చుట్టూ గుట్టలు, గుండ్లు, సీతాఫలం పొదలు, అక్కడక్కడా జొన్న చేలు. దక్షిణంగా కొత్తగూడ మీదుగా పట్నానికి ఒక మట్టి బాట. సాయంత్రం పాసింజరు వెళ్ళిపోతే మళ్ళీ మనిషి అలికిడి ఉండేది కాదు. నాకు అన్నీ భయాలే. రాళ్ళ సందుల్లో పాములని భయం, బావి నీళ్ళని భయం, పిల్ల తుమ్మితే భయం. ఆ రోజుల్లో మా యాస వినగానే కొందరి మొహాలు మారేవి, అదొక భయం. మావారు డ్యూటీ దిగేదాకా తలుపు గడియ తీసేదాన్ని కాదు.

అలాంటి దాన్ని ఆ రోజు తలుపు తీశాను. పిలిచింది ఆడగొంతు కాబట్టి.

"చెల్లె, జర నీళ్ళిస్తవా? నాక్కాదు, గీ మొగోనికి. నోరు తెరిచి అడుగనీకె షరమైతది ఆయనకు."

ముళ్ళకంచె బయట రెండు సైకిళ్ళు. రెండింటి ముందూ రేకు బోర్డులు, వాటి మీద ఎర్రరంగుతో 'దంపతుల భారత సైకిల్ యాత్ర'. ఆమె గోచీ పోసి కట్టిన చీరలో, మగవాళ్ళ కాన్వాసు బూట్లతో ఉంది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఎండకు మొహం ఎంత కమిలిపోయిందంటే, ముఖం కడుక్కుంటూ ముక్కుపుడక కాస్త జరిపితే దాని కింద చర్మం గోధుమగింజంత తెల్లగా కనిపించింది. యాత్రకు ముందు ఆమె రంగు అదన్నమాట.

"దేశమంత తిరిగినం గని దీని నోరు మాత్రం అరగలేదమ్మా" అన్నాడు ఆయన, వెనక నుంచి.

"టైర్లు అరిగినయి గద, సాలదా?"

నేను లోపలికి వెళ్ళి, కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చాను. ఆమె గ్లాసు ఎత్తి వాసన చూసి, "గివి కాగిన నీళ్ళు గదా! ఏంది చెల్లె, మేము పేషెంట్ల లెక్క కనవడుతున్నమా?" అంది. నేను నొచ్చుకున్నానని గ్రహించిందేమో, మొత్తం తాగి మళ్ళీ గ్లాసు చాపింది.

వాళ్ళు బొంబాయి రోడ్డు మీద నుంచి స్టేషనుకు తిరిగింది, పట్నంలో ఉన్న సైకిలు సంఘానికి కబురు పంపడానికి. సాగనంపింది ఆ సంఘమే. పట్నం వెళ్ళే బండి గార్డు చేతికి మావారు ఒక చీటీ ఇచ్చి పంపారు. మర్నాడు సంఘం కార్యదర్శి స్వయంగా పాసింజర్లో దిగాడు. దిగుతూనే కేకలు.

"అరె, ఏం పని జేసిన్రు మీరు? గింత జల్ది ఎవలు రమ్మన్నరు? మంత్రిగారు బేస్తారం టైమిచ్చిన్రు. దండలు జెప్పినం, బ్యాండు జెప్పినం. గోడలకు కాయితాలు గూడ అంటువెట్టినం. బేస్తారం దాక సిటీల మీ మొఖం కనవడొద్దు!"

"ఎదురుగాలి లేకపాయె" అంది ఆమె, టైరు నొక్కుతూనే. "మీ మంత్రి ఎప్పుడొస్తడో గాలికి గూడ ఒక కాయితం అంటువెట్టకపోతిరి."

అలా ఆగిపోయారు. దేశమంతా తిరిగి వచ్చి, ఇల్లు ఇంకొక్క పూట తొక్కితే చేరేంత దూరంలో ఉండగా, గురువారం కోసం ఊరి బయట కూర్చున్నారు. రాత్రుళ్ళు వెయిటింగు హాల్లో పడుకునేవారు. పగలు ఆమె మా వసారాలోనే.

ఆమెను ఏ ఊరి గురించి అడిగినా గుళ్ళూ గోపురాలూ చెప్పేది కాదు. కుక్కల గురించి చెప్పేది. "నాగపూర్ కుక్కలు మర్యాదస్తులు చెల్లె. పొలిమేర దాక సాగనంపి ఎన్కకు మర్రుతయి. గా కాన్పూర్ దిక్కు కుక్కలైతే పిక్క జూసి ఉరుకుతయి. మా ఆయన పిక్కే. నా దిక్కు రావు." "ఎందుకక్కా?" అంటే, "నేను తిడుత. ఏ దేశం కుక్కకైనా మన తెలుగు తిట్లు సమజైతయి" అనేది. సముద్రం ఎలా ఉందని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆడ ఇసుకల సైకిల్ నడువది" అంది.

పట్నంలో వాళ్ళది కిరాయి సైకిళ్ళ దుకాణం. గంటకింత అని సైకిళ్ళు ఇచ్చే చోటు. ఆయన పంచర్లు వేస్తుంటే ఈమె కిరాయిలు రాసేది. మధ్యాహ్నం పూట గిరాకీ లేనప్పుడు దుకాణం వెనక సందులో ఆయనే నేర్పాడట. నేర్పినందుకు గల్లీ అంతా ఆయన్నే నవ్వింది. పెళ్ళాం సైకిలు తొక్కుతుంటే వెనక పరుగెత్తే మొగుడని. ఆయన మాట తక్కువ మనిషి. నవ్వినవాళ్ళను ఏమీ అనలేదు. ఒక రోజు కొత్త రేకు కొని, దాని మీద ఎర్రరంగుతో ఆ బోర్డు రాసుకొచ్చాడు. యాత్ర పుట్టింది అలా.

అందుకే గురువారం అంటే ఇద్దరికీ అంత తపన. రోడ్డు మీద లారీల భయానికి ఒకరి వెనక ఒకరు తొక్కినా, ఏ ఊళ్ళోకి వెళ్ళినా పక్కపక్కనే వెళ్ళేవారట. తమ గల్లీలోకి అలా వెళ్ళాలని ఆమె కోరిక. ఆ మాట చెప్పేటప్పుడు రెండు అరచేతులు ముందుకు చాపి, ఒకదాని పక్కన ఒకటి కదిలించి చూపేది. "గిట్ల. ఆయన చక్రం, నా చక్రం. ముందుగాదు, ఎన్కగాదు. కిటికీలన్ని తెరుసుకుంటయి జూడు. నవ్వినోళ్ళే ఊదుబత్తులు ముట్టిస్తరు."

ఆయన వింటూ చైనుకు నూనె వేసేవాడు. ఆ రెండు మూడు రోజుల్లో ఆ చైనులకు ఎంత నూనె పట్టిందో!

మా పిల్లను ఆమె ఎత్తుకునే తీరుకు నా గుండె నోట్లోకి వచ్చేది. సీటు మీద కూర్చోబెట్టి, ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో సైకిలు నడిపించేది. పిల్ల కేరింతలు కొట్టేది. నేను వెనకే చేతులు చాపుకుని పరుగు. "పడుతుందక్కా, వద్దక్కా, గాలికి జలుబు చేస్తుందండీ!"

ఆమె ఆగి, నన్ను పై నుంచి కింద దాకా చూసి, "చెల్లె, నీ భయం గీ పిల్లకు పాలల్ల కలిపి పోస్తున్నవా?" అంది.

నాకు కోపం వచ్చింది. పిల్లలు లేనివాళ్ళకేం తెలుసు అని మనసులో అనుకున్నాను. ఆ సాయంత్రమే ఆమె తనంతట తనే చెప్పింది.

"మా అమ్మ గిదే అంటది. సైకిలెక్కవట్టే కడుపు పండలేదని."

ఆమె పుట్టిల్లు నానక్‌రామ్‌గూడ. మా వసారాలో కూర్చుంటే దక్షిణాన కనిపించే గుట్టల అవతలే. కొన్నేళ్ళ క్రితం ఒకసారి అక్కడికి సైకిలు మీద వెళ్ళారట. దారిలో ఆయన కాలు బెణికితే, ఆయన్ను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఈమె తొక్కుకుంటూ ఊళ్ళోకి పోయింది. ఊరు ఊరంతా చూసింది. అన్నలు తలెత్తుకోలేకపోయారు. మొగుణ్ణి మూట కట్టుకొచ్చిందని పాట కట్టారట పొలం కాడ ఆడవాళ్ళు. ఆ రోజు తల్లి గడపలో నిలబడి, "సైకిల్ మీద నా ఇంటికి రాకు" అంది. అప్పటి నుంచి పిలుపు లేదు. ఒడి బియ్యం పొయ్యలేదు.

ఒడి బియ్యం సంగతి నాకు ఆమె చెబితేనే తెలిసింది. మా వైపు ఇంత పట్టింపు లేదు. ఇక్కడ కొన్నేళ్ళకోసారి తల్లిగారింటివాళ్ళు ఆడబిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, వక్కలు, ఖర్జూరాలు ఆమె కొంగులో పోస్తారు. నువ్వు ఇంకా మా బిడ్డవే అని చెప్పడం అది. ఆ బియ్యం తీసుకున్నాక మధ్యలో ఎవరి గడపా తొక్కకుండా నేరుగా తన ఇంటికి వెళ్ళాలి. వాటిని వండి ముత్తయిదువలకు పెట్టాలి.

"పోయి చూసి రారాదూ?" అన్నాను. "ఇంత దగ్గరకొచ్చి..."

"పో, పొద్దుగూకేవరకు వచ్చెయ్" అన్నాడు ఆయన కూడా.

ఆదివారం పొద్దున ఆమె నా చేత తల దువ్వించుకుంది. జుట్టులో దారిలోని దుమ్మంతా ఉంది. నూనె పెట్టి జడ వేశాను. గోచీ విప్పి చీర మామూలుగా కట్టుకుంది. బూట్లు వదిలి నా చెప్పులు వేసుకుంది. సైకిలు మాత్రం వదల్లేదు.

"ఊరి పొలిమేర దాక తొక్కుత. ఆడ దిగి నడిపించుకుంట పోత. 'సైకిల్ మీద రాలేదమ్మా, సైకిల్ తోని వచ్చిన' అంట."

ఆ సాయంత్రం ఆమె రాలేదు. ఆయన కొత్తగూడ బాట వైపు రెండు మూడుసార్లు వెళ్ళి వచ్చాడు. నాకైతే అన్నం దిగలేదు. ఏ గుట్ట కాడ పడిందో, ఏ పురుగు ముట్టిందోనని నా ఊహలు నావి.

సోమవారం ఎండెక్కుతుండగా సైకిలు బెల్లు వినిపించింది. పిల్లను చంకనేసుకుని బయటికి పరుగెత్తాను. ఆమె కంచె బయట, ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని ఉంది. నడుము దగ్గర కొంగు మూట కట్టి ఉంది, పెద్దది. దూరం నుంచి చూస్తే ఏడో నెల మనిషిలా ఉంది. చేతులకు, మెడకు పసుపు. నుదుట ఇంత బొట్టు.

"లోపలికి రండక్కా, ఎంత భయపడ్డామో!"

"రానీకె లేదు చెల్లె."

ఆయన వెయిటింగు హాల్లో నుంచి వచ్చాడు. ముందు ఆమె మొహం చూశాడు. తరువాత మూట చూశాడు.

"అమ్మ ఒడి పోసింది" అంది ఆమె.

"పోస్తే మంచిదే" అన్నాడు నెమ్మదిగా. "బేస్తారం ఇంకా రాలేదు గద. గీ చెల్లె ఇంట్ల దించు. బేస్తారం కట్టుకొని పోదువు."

"ఒడి ఎవలింట్లనన్న దించుతరా? గిదేమన్న సామానా? ఇటు వచ్చుడే తప్పు. నువ్వు ఎదురుచూస్తవని చెప్పిపోదామని వచ్చిన."

"మరి మంత్రి?"

ఆమె మూట ముడి బిగించుకుంది.

"మన గల్లీ? మనం పక్కపక్కన పోవుడు?"

"గందుకే అంటున్న. నువ్వు గూడ రా. ఇద్దరం ఇప్పుడే పోదాం. పక్కపక్కనే పోదాం. దండలు లేకుంటే ఏమాయె? గల్లీ యాడికి పోతది, గాడనే ఉంటది."

"గింత దేశం తొక్కి, ఆఖరికి దొంగల లెక్క ఇంట్ల సొర్రాల్నా?"

"మన ఇంట్లకు మనం పోతే దొంగతనమెట్లయితది?"

ఆయన గొంతు పెరిగింది. అంతవరకు నేను ఆ గొంతు వినలేదు. "నవ్విన్రు. గిన్నేండ్లు నన్ను జూసి నవ్విన్రు. ఒక్కదినం, నలుగుర్ల, నా పక్కన నువ్వుంటవనుకున్న. మీ అమ్మ నాలుగు గింజలు పోసేసరికి నేను కనవడకపోతి."

"గట్లనకు."

"పో. నువ్వు పో. ఒడి ఆగదు గద."

తిరిగి హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆమె ఆ తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది. తరువాత నా వైపు తిరిగి, "పిల్లను జర ఇటు తే" అంది. కంచె మీది నుంచి అందిస్తే, ఒక వేలితో దాని పొట్ట మీద టైరు నొక్కినట్టు నొక్కింది. పిల్ల నవ్వింది. "గాలి మంచిగనే ఉన్నది. ఫికర్ జెయ్యకు" అని, మూటను ఒక చేత్తో ఎత్తి సర్దుకుని, ఎక్కి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

గురువారం ఆయన ఒక్కడే బయలుదేరాడు. మావారు ప్లాట్‌ఫారం చివరి దాకా వెళ్ళి సాగనంపారు. శుక్రవారం పేపర్లో ఫొటో పడింది. మెడ నిండా దండలతో ఆయన, పక్కన మంత్రి. ఫొటోలో ఆయన ఎటో చూస్తున్నాడు. కింద రాసింది మావారు పైకి చదివారు. యాత్ర చివరి మజిలీలో తీవ్ర అస్వస్థతకు గురైనందున శ్రీమతి సభకు రాలేకపోయారని, అయినా పట్టుదలతో భర్త ఒంటరిగా యాత్ర పూర్తి చేశారని.

"పూర్తి చేసింది ముందు ఆవిడ కదండీ" అన్నాను. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

తరువాత ఆమెను ఒక్కసారే చూశాను. వానాకాలం. పిల్లకు దగ్గు తగ్గకపోతే పట్నంలో దవాఖానకు తీసుకెళ్ళి, తిరిగి వస్తూ ఆ గల్లీ అడిగి పట్టుకున్నాను. దుకాణం ముందు ఆమే కూర్చుని ఉంది. ఆయన సామాను కోసం బజారుకు వెళ్ళాడట. నన్ను చూడగానే లేచి, పిల్లను లాక్కుని, నా చేతికి ఒక పీట ఇచ్చింది.

"పేపర్లో చూశానక్కా. మీకు ఒంట్లో బాగాలేదని రాశారు."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"అసలు సంగతి విను. ఒడి దించి మల్ల మీ దిక్కు వద్దామంటే, గల్లీ అంత నన్ను చూసె, ఆయన పో అనె. బేస్తారం ఆయనొస్తడు గదా అని, ఒడి బియ్యం ఆ దినమే వండిన. గల్లీలున్న ముత్తయిదువలందర్ని పిలిచిన. ఇస్తర్లేసి వడ్డిస్తున్న. ఆయన దండలతోని ఉరుక్కుంట వచ్చిండు. 'పండుకో, పండుకో! సంఘమోళ్ళొస్తున్నరు పండ్లు వట్టుకొని! నీకు జరమని చెప్పిన!' అన్నడు. నేనేం జెయ్యాలె? నెయ్యి చేతులతోనే మంచమెక్కి దుప్పటి కప్పుకున్న. వాళ్ళొచ్చిన్రు. పాపం అందరు మొఖాలు చిన్నగ జేసుకొని నిలవడ్డరు. మా పక్కింటి ముసలామె ఊకుంటదా? నోట్ల బుక్క పెట్టుకొనే, 'గీమెకేమాయె? గిప్పుడే గద నాకు పప్పు ఏసింది!' అన్నది."

నేనూ నవ్వాపుకోలేకపోయాను.

"దండ గూడ తెచ్చిన్రు చెల్లె, నాకని. పండుకున్నదానికి దండ ఎట్లేస్తరు? మంచం కోడుకు తగిలిచ్చిన్రు. తెల్లారి దాక గాడనే ఉండె."

ఆ మాట దగ్గర ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. గల్లీలో ఎవరో సైకిలు తెచ్చి ఇచ్చి వెళ్ళారు. ఆమె అలవాటుగా టైర్లు నొక్కి చూసి గోడకు ఆనించింది.

"అమ్మకు బేస్తారం సంగతి తెల్సు" అంది, నా వైపు చూడకుండా. "గోడలకు కాయితాలు అంటువెట్టిన్రు గద, మా అన్న ఇంటికి తెచ్చిండు. అమ్మ చదివిచ్చుకున్నది. మంత్రి ముందట, మైకుల, బిడ్డ పేరు జెప్తరు, ఊరంత ఇంకోపారి నవ్వుతది అని ఆమె బాధ. నేను బోయిన రాత్రి అన్నం వెట్టింది, తలకు నూనె రాసింది, ఒక్క మాట అనలే. తెల్లారేసరికి పసుపు కలుపుతున్నది."

"మిమ్మల్ని ఆపడానికేనని మీకు తెలుసా అప్పుడు?"

"తెల్వకేంది? బియ్యం జూడంగనె తెల్సింది."

"మరి ఎందుకు పట్టారక్కా కొంగు? నాలుగు రోజులాగి పొయ్యమంటే..."

"దోసిలి నిండ పట్టింది చెల్లె. సగం గింజలు కిందనే పడుతున్నయి. తల్లి పోస్తుంటే కొంగెట్ల గుంజుకుంట? గుంజుకుంటే ఇగ నేనెవల బిడ్డను?" పక్కనున్న చక్రాన్ని ఒకసారి తిప్పి వదిలింది. "ఆయన అన్నదాంట్ల తప్పు లేదు. గింజలకే పోయిన."

ఇప్పుడు తొక్కుతున్నారా అని అడిగాను. కిరాయికిచ్చే బండ్లకు బ్రేకు పడుతుందో లేదో చూడటానికి గల్లీ చివరి దాకా పోయి వస్తుందట, అంతే. ఆయన బాగానే చూసుకుంటున్నాడు కదా అని కూడా అడిగాను, అడగకూడదని తెలిసి.

"మంచిగనే ఉంటడు. ఏమనడు. గని గప్పటిసంది ఇద్దరం కల్సి యాడికీ పోలేదు."

బస్సుకు వేళవుతుందని లేచాను. మళ్ళీ వస్తానన్నాను. ఆ తరువాత రెండోది కడుపున పడటం, పుట్టడం, దాని జ్వరాలు, దీని దగ్గులు. పట్నం ఎంత దూరమని! వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి.

మేమింకా హఫీజ్‌పేట్‌లోనే ఉన్నాం. మొన్న ఒక మధ్యాహ్నం పాసింజరు దిగి ఆయన వచ్చాడు. సైకిలు లేదు. జుట్టు పూర్తిగా నెరిసింది. మావారు డ్యూటీలో ఉన్నారు. నేను ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గరకే టీ తీసుకెళ్ళాను. ఆమెకు పచ్చకామెర్లట. దవాఖానలో కొన్నాళ్ళే ఉంది. అన్నలు వచ్చి మోశారట. అంతా రెండు మూడు ముక్కల్లో చెప్పాడు. చాలాసేపు పట్టాల వంక చూశాడు. తిరుగు బండి వచ్చే వేళయింది.

"అమ్మా, ఒకటడుగనీకె వచ్చిన" అన్నాడు. "ఆ దినం నేను లోపలికి పోయిన. ఆమె పోయింది నువ్వు చూసినవా?"

"చూశానండీ."

"సీదా పోయిందా?"

పోయిన మనిషి గురించి ఇప్పుడు ఏం చెబితే ఈయనకు నిద్ర పడుతుంది, ఏం చెబితే పట్టదు? చిన్నది నా కొంగు పట్టుకుని లాగుతోంది. చూసింది చెప్పాను.

"కొత్తగూడ బాట మీద, ఆ గుండ్ల దగ్గర ఆగింది."

"కాలు ఆనిచ్చి ఆగిందా, దిగి నిలవడ్డదా?"

రెండింటికీ తేడా ఏమిటో నాకు అప్పుడు తెలియదు. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాను. సైకిలు పక్కన నిలబడి ఉంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి మూట కింద. మొహం మా వైపే. ఎండకు నేను పిల్ల తల మీద కొంగు కప్పుకుంటూ, పాపం అలసిపోయిందేమో, బియ్యం బరువేమో అనుకున్నాను.

"దిగిందండీ" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"తొవ్వల మాకొక లెక్క ఉండె. కాలు ఆనిచ్చి ఆగితే, దమ్ము తీసుకుంటున్న, నువ్వు నడువు అని. దిగి నిలవడితే, నువ్వొచ్చేదాక కదల అని." టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "శానసేపు ఉన్నదా?"

"గూడ్సు బండి ఒకటి వెళ్ళింది. అది వెళ్ళాక కూడా ఉంది."

పాసింజరు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. మావారు పచ్చజెండా చంకలో పెట్టుకుని వచ్చి, "మీ బండి ఇదే" అన్నారు ఆయనతో. ఆయన వినిపించుకున్నట్టు లేదు. కొత్తగూడ బాట వైపు చూస్తున్నాడు. మావారు నా మొహం చూశారు, కాస్త ఆగారు, ఇక ఆపలేక జెండా ఊపారు.

బండి కదిలింది. ఆయన లేవలేదు.